మే నెలలో పూసే మొక్క

(ఏక్‌బాల్‌పూర్‌లో మన తెలుగు ఉద్యోగుల కుటుంబాలు కలుసుకున్న సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



వేసవి తోట గురించి మాట్లాడమన్నారు. ఈ ఉక్కపోతలో తోట మాట ఎవరు వింటారని మొదట సందేహించాను. కానీ తోట గురించి జనవరిలో ఎవరైనా మాట్లాడగలరు. జనవరిలో కలకత్తాలో పూయని కుండీ ఉండదు. ప్రతి వరండాలో డాలియా, చంద్రమల్లిక, పిటూనియా. నర్సరీ నుంచి తెచ్చి నీళ్ళు పోస్తే చాలు, అవే పూస్తాయి. మార్చి వచ్చేసరికి అన్నీ ఒకేసారి ఎండిపోతాయి. మనం ఇయర్ ఎండింగ్ హడావిడిలో ఉంటాం కాబట్టి అవి పోయిన సంగతి కూడా గమనించం. ఏప్రిల్ మొదటి వారంలో తీరిగ్గా మేడ మీదికి వెళ్ళి చూస్తే ఖాళీ కుండీలు, ఎండిన మట్టి.

సరిగ్గా అప్పుడే ఇంట్లో మనుషులు ఎక్కువవుతారు. పిల్లలకు సెలవులు. ఊరి నుంచి అమ్మమ్మలు, తాతయ్యలు వస్తారు. మనం పొద్దున తొమ్మిదిన్నరకు బ్యాంకుకు వెళ్ళిపోతే, వాళ్ళకు బెంగాలీ రాదు, హిందీ అంతంత మాత్రం. ఏక్‌బాల్‌పూర్ సందుల్లో గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళు, కిటికీ తెరిస్తే ఎదుటివాళ్ళ కిటికీ. మా అమ్మ సంగతి చెబుతాను. వచ్చిన మొదటి నెలంతా ఆవిడ సాయంత్రం ఆరు ఎప్పుడవుతుందా అని ఎదురుచూసేది. ఆరు దాటితే సముద్రం వైపు నుంచి దక్షిణపు గాలి వస్తుంది. ఆ గాలి కోసం మేడ మీదికి వెళ్ళేది. పైకి వెళ్ళాక చూడటానికి ఏముంది? ట్యాంకులు, బట్టల తీగలు, కేబుల్ వైర్లు. ఆ గంటసేపు ఆవిడ కళ్ళకు ఏం కనిపించాలి అన్న దగ్గరే నా వేసవి తోట మొదలైంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. మొక్కను మంచి నెలలు చూసి ఎంచుకోవద్దు, గడ్డు నెలలు చూసి ఎంచుకోండి. దీన్నే మన భాషలో స్ట్రెస్ టెస్ట్ అంటారు. ఎంబీఏలో రెండేళ్ళు చదివించిన దానిలో ఇంటికి పనికొచ్చిన పాఠం ఇదొక్కటే అని మా ఆవిడ అంటుంది.

అలా ఎంచుకోవాలంటే పొదల దగ్గరికి రావాలి. డాలియా, పిటూనియా కరెంటు అకౌంటు లాంటివి, ఇవాళ ఉంటాయి, రేపు ఉండవు. పొద అంటే టర్మ్ డిపాజిట్. మందారం, నూరు వరహాలు, నందివర్ధనం, కాగితం పూలు, ఇవి ఏళ్ళ తరబడి ఉంటాయి. అయితే ఒక చిక్కు ఉంది. మనం నర్సరీకి వెళ్ళేది చల్లగా ఉన్నప్పుడు, డిసెంబరులోనో జనవరిలోనో. వేసవిలో పూసే పొదలు చాలావరకు అప్పుడు నిద్రలో ఉంటాయి. ముస్సెండానే తీసుకోండి. ఏప్రిల్ నుంచి వానాకాలం చివరిదాకా గులాబీ రంగులోనో, తెల్లగానో గుత్తులు గుత్తులుగా పొద నిండిపోతుంది. మనం పువ్వనుకునేది నిజానికి పెద్దదైన రక్షక పత్రం. అసలు పువ్వు మధ్యలో చిన్న నక్షత్రంలా ఉంటుంది. తెల్ల రకాన్ని ఫిలిప్పీన్స్‌లో కనుగొని, తర్వాత ఆ దేశాధ్యక్షుడైన కెజోన్ భార్య అరోరా పేరు పెట్టారు. ఇంత సొగసైన మొక్క జనవరిలో ఎలా ఉంటుంది? నాలుగు వాడిన ఆకులు, ఒక పుల్ల. దాని పక్కనే డాలియా పళ్ళెమంత పువ్వుతో నిలబడి ఉంటే ఎవరు కొంటారు ఆ పుల్లని?

ఇక్కడ ఫురుష్ అని పిలిచే పొద కథా అంతే. చలికాలంలో ఆకు రాల్చి మోడుగా నిలబడుతుంది. ఎండలు ముదిరాక కొత్త కొమ్మల చివర ముడతల కాగితంలాంటి పూలు గుత్తులుగా విడుస్తుంది.

అందుకని మే నెలలో, ఒక ఆదివారం పొద్దున్నే ఆరింటికి బయల్దేరండి. ఓపికుంటే బాగ్‌బజార్ వైపు గాలిఫ్ స్ట్రీట్‌లో ఆదివారం సంత ఉంది. చిలకలు, చేపలు, మొక్కలు అన్నీ అక్కడే. లేకపోతే మనకు దగ్గర్లో అలీపూర్ రోడ్డులో హార్టికల్చర్ తోట ఉంది. నీడ వల కింద ఉన్నవి కాకుండా, బయట పట్టపగటి ఎండలో ఉండి కూడా పూస్తున్న మొక్క ఏదో చూడండి. మీ మేడ మీద బతికేది అదే.

ఆ హార్టికల్చర్ తోట గురించి తెలుగువాళ్ళుగా మనం రెండు మాటలు తెలుసుకోవాలి. దాన్ని నడిపే అగ్రి హార్టికల్చరల్ సొసైటీని 1820లో విలియం కేరీ స్థాపించారు. శ్రీరామ్‌పూర్ మిషనరీగా అందరికీ తెలిసిన కేరీయే. ఆయన 1814లో తెలుగు వ్యాకరణ గ్రంథం కూడా అచ్చు వేశారు. అంటే మనం సెలవురోజు మొక్కలు చూడటానికి వెళ్ళే తోట వెనుక ఉన్నది మన అక్షరాలు దిద్దిన చెయ్యే.

ఇంకొకాయన ఉన్నారు, మనలాంటి బదిలీ మనిషి. విలియం రాక్స్‌బర్గ్. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు. సామర్లకోటలో ఉండి, అక్కడ మొక్కల తోట పెంచి, మన కోస్తా మొక్కలను ఇక్కడి చిత్రకారులతో బొమ్మలు వేయించారు. ఆ బొమ్మలు 1795 నుంచి కోరమాండల్ తీరపు మొక్కలు అన్న పేరుతో పెద్ద సంపుటాలుగా వచ్చాయి. మొక్కను మనవాళ్ళు తెలుగులో ఏమంటారో కూడా ఆయన రాసుకునేవారు. 1793లో సామర్లకోట నుంచి కలకత్తాకు వచ్చి, గంగకు అవతల శిబ్‌పూర్ బొటానిక్ గార్డెన్ బాధ్యత తీసుకున్నారు. ఆ తోటను 1787లో రాబర్ట్ కిడ్ మొదలుపెట్టారు. రాక్స్‌బర్గ్ ఇరవై ఏళ్ళు అక్కడ పనిచేసి, వెళ్ళిపోతూ తన రాతప్రతులు కేరీ దగ్గర ఉంచారు. ఆయన పోయాక వాటిని శ్రీరామ్‌పూర్‌లో కేరీయే అచ్చు వేయించారు. హ్యాండోవర్ అంటే అలా ఉండాలి! మన బ్రాంచీల్లో తాళాల గుత్తి, నాలుగు ఫైళ్ళు ఇచ్చి సంతకం పెట్టించుకుంటాం.

కాగితం పూల విషయంలోనూ ఈ అలీపూర్ తోటకు పేరుంది. ఒకే మొక్కకు, ఒక్కోసారి ఒకే గుత్తిలో, తెల్లవీ ముదురు గులాబీ రంగువీ పూసే రకం మీరు చూసే ఉంటారు. దాని పేరు మేరీ పామర్. ఆ రకం ఈ తోటలోనే, ఒక కొమ్మ తనంతట తాను మారిపోవడం వల్ల పుట్టింది. ఆకుల మీద పసుపు మచ్చలుండే తిమ్మ అనే రకం దాని నుంచే బెంగుళూరు లాల్‌బాగ్‌లో వచ్చింది. దేశంలో ఎన్ని రైల్వే స్టేషన్లలో, ఎన్ని కలెక్టరాఫీసుల గేట్ల మీద ఉందో లెక్కలేని ఆ రెండు రంగుల పొద పుట్టిల్లు ఇక్కడికి నడిచి వెళ్ళేంత దూరం.

ఇక మన మేడ సంగతి. ముందు నీళ్ళ విషయం. కాగితం పూలకు కనీసం ఐదారు గంటల ఎండ, కాస్త దాహం కావాలి. రోజూ బిందెడు నీళ్ళు పోసి ముద్దు చేస్తే ఆకులే తప్ప పూలు రావు. మట్టి పైన రెండంగుళాలు ఆరాక పొయ్యండి. మందారం దానికి పూర్తిగా ఎదురు. ఒకరోజు నీళ్ళు తప్పితే మొగ్గలు రాల్చేస్తుంది. రెండింటినీ పక్కపక్కనే పెట్టి ఒకే మగ్గుతో ఒకే లెక్కన పోస్తే రెండింటికీ కష్టమే. మందారాన్ని ఇక్కడ జొబా అంటారు. ఎర్ర జొబా కాళీమాతకు ప్రీతి కాబట్టి ఏ మాలీని అడిగినా తెచ్చిస్తాడు. వేసవిలో లేత కొమ్మలకు తెల్లగా పిండినల్లి పడుతుంది. సబ్బునీళ్ళలో కాస్త వేపనూనె కలిపి సాయంత్రంపూట చల్లండి. మిట్టమధ్యాహ్నం చల్లితే ఆకు మాడుతుంది.

నా ఓటు మాత్రం నూరు వరహాలకే. ఆ పేరు చూడండి, బ్యాంకువాళ్ళ ఇంట్లో ఉండాల్సిన పొద కదా! ఒక్కో గుత్తిలో నూరు బంగారు నాణేలు. వడ్డీరేటుతో పనిలేదు. ఇక్కడ రొంగొన్ అని అడగాలి. ఎరుపు, నారింజ, పసుపు, గులాబీ రంగుల్లో దొరుకుతుంది. ఎండలు మొదలైన దగ్గర్నుంచి వానాకాలం పొడుగునా పూస్తుంది, గుత్తి వారాల తరబడి వాడదు. ఒక్క పేచీ ఉంది. దీనికి కాస్త పులుపు గుణమున్న మట్టి కావాలి. మన మేడల మీద సిమెంటు, సున్నం, గట్టి నీళ్ళు. కొన్నాళ్ళకు ఈనెలు పచ్చగానే ఉండి ఆకులు పసుపురంగుకు తిరుగుతాయి. అది ఇనుము అందకపోవడం. దానికి ఎరువు మీద ఎరువు వేసి లాభం లేదు. బాగా చివికిన ఆకుల ఎరువు వెయ్యండి, వాన నీళ్ళు పట్టి పొయ్యండి, దొరికితే మొక్కలకిచ్చే ఇనుము మందు కొద్దిగా ఇవ్వండి.

మేడ లేదు, బాల్కనీయే ఉంది, అదీ రెండు గంటల ఎండే అంటారా? నందివర్ధనం పెట్టుకోండి. ఇక్కడ టొగోర్ అంటారు. నీడ ఉన్నా సర్దుకుంటుంది. సాయంత్రం చీకటి పడేవేళ ఎర్రపూలన్నీ నల్లబడి కనబడకుండా పోతాయి, తెల్లపూలు మాత్రం వెలుగుతాయి. ఆఫీసు నుంచి ఏడున్నరకు ఇల్లు చేరేవాళ్ళకు పనికొచ్చే రంగు తెలుపే. వాసన కూడా కావాలంటే గొంధొరాజ్ ఉంది, బేలీ ఉంది. బేలీ అంటే మన మల్లే. దాన్ని డిసెంబరు, జనవరిల్లో కత్తిరించి నీళ్ళు తగ్గిస్తే ఎండాకాలంలో విరగబూస్తుంది.

గన్నేరు ఎండకు ఎంత తట్టుకుంటుందో అందరికీ తెలుసు. కానీ ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. పచ్చగన్నేరు గింజలు మరీ ప్రమాదం. పాకే పిల్లలు, ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే వయసు పిల్లలు ఉన్న ఇంట్లో నేనైతే పెట్టను.

కలకత్తా వేసవిలో మన ఊళ్ళలో లేని ఇంకొక హంగామా ఉంది, కాలబైశాఖి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రంపూట వాయవ్యం నుంచి హఠాత్తుగా వచ్చే ఆ గాలివాన ఎత్తైన కుండీలను పిట్టగోడ మీద నుంచి సందులోకి విసిరేస్తుంది. కింద నడిచేవాళ్ళ తలలు మన బాధ్యత. పిట్టగోడ మీద ఏదీ పెట్టకండి. బరువైన కుండీలను గోడ మూలకు చేర్చి, ఒకదానికొకటి ఆనించి, కింద రెండేసి ఇటుకలు పెట్టండి. ఇటుకల వల్ల కాలిన శ్లాబు వేడి వేళ్ళకు తగలదు. మట్టి మీద కొబ్బరి పీచు పరవండి. ఈ ఊళ్ళో కొబ్బరిబోండాల డొక్కలకు కొదవా? వానలు మొదలవగానే కుండీల కింద పళ్ళేలు తీసెయ్యండి, డెంగీ దోమకు అంతకన్నా మంచి క్వార్టర్స్ దొరకవు.

కత్తిరింపులు ఫిబ్రవరి రెండో వారానికల్లా అయిపోవాలి. ఆ తర్వాత మనం మార్చి క్లోజింగ్‌లో పడిపోతాం, కత్తెర పట్టే తీరిక ఉండదు. అదృష్టవశాత్తూ పొదలకు మార్చిలో మనతో నీళ్ళు తప్ప పనిలేదు. ఇంటి గోడ మీద మన బ్యాంకు క్యాలెండరు ఉంటుంది కదా, ఏ పొద పూసిన నెలలో ఆ పేరు రాసి పెట్టండి. ఏడాది తిరిగేసరికి ఏ పేజీ ఖాళీగా ఉందో తెలుస్తుంది. అక్టోబరు ఖాళీగా ఉంటే పారిజాతం. ఇక్కడ షియులి, అది రాలితే దుర్గాపూజ వచ్చినట్టే. చలికాలానికి మన డిసెంబరాలు.

చివరగా, మీ అందరి మనసులో ఉన్న ప్రశ్న. మూడేళ్ళకు బదిలీ అయిపోయేవాళ్ళకు పొదలెందుకు? పైగా ఆర్డర్లు వచ్చేదీ వేసవిలోనే. ముస్సెండా విరగబూసి ఉంటుంది, మనం అట్టపెట్టెలకు టేపు వేస్తుంటాం. కుండీలు లారీలో ఎక్కిస్తే సగం దారిలోనే వాడిపోతాయి. నిజమే. కానీ మా మేడ మీద నేను కొనని నూరు వరహాల పొద ఒకటి ఉంది. పాత సిమెంటు తొట్టిలో, నా భుజమంత ఎత్తు. అంతకుముందు ఆ ఇంట్లో ఉన్న ఎవరో పెట్టారు, పేరు కూడా తెలియదు. బెంగాలీవారో, బీహారు వారో, మనవారో. మా అమ్మ రోజూ దేవుడికి కోసేది ఆ చెట్టు పూలే. ఆవిడకు ఈ ఊళ్ళో దొరికిన మొదటి పరిచయం కూడా అదే. పక్కింటి ముసలమ్మ రెండు గుత్తులు అడగడానికి పిట్టగోడ దగ్గరకు వచ్చింది. భాష రాకపోయినా ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు.

నేను వెళ్ళేటప్పుడు ఏ తొట్టికి ఎన్ని నీళ్ళో, ఎప్పుడు కత్తిరించాలో ఒక కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మేడ తలుపుకు తగిలించి వెళ్తాను. తెలుగులో, ఇంగ్లీషులో, ఇంకా మా అబ్బాయి బడిలో నేర్చుకున్న బెంగాలీలో.

వెంట తీసుకెళ్ళాలనుకుంటే ముదిరిన కొమ్మలు ముక్కలు చేసి, తడిగుడ్డ చుట్టి తీసుకెళ్ళండి. కాగితం పూలు అలా వస్తాయి, మందారం అలా వస్తుంది. కనకాంబరానికి అదీ అక్కర్లేదు. మా ఇంట్లో కాసిన కనకాంబరం గింజలు పొట్లాలు కట్టి టిఫిన్ల బల్ల పక్కన పెట్టాను, ఇంటికొకటి తీసుకోండి. కాయలు కూడా కొన్ని ఉంచాను. పిల్లలూ, ఎండిన కాయను నీళ్ళలో వేసి కాసేపు చూడండి, టప్పున పేలుతుంది. పెద్దవాళ్ళకు మాత్రం ఒక మాట, గింజలు ఇప్పుడే నాటకండి. జూన్ రెండో వారంలో తొలి వానలు పడనివ్వండి.