కొత్త సైకిలు, మట్టిదారి
(హోసూరు పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుని ప్రసంగ పాఠము)



ఏటేట ఈ వేదికపై నిలిచి పరీక్షా ఫలితములను, హాజరు లెక్కలను వినిపించుట నాకు వాడుక. ఈ యేడు అవి నివేదికలో అచ్చయినవి గనుక మరల చదివి మీ సహనమును పరీక్షింపను. ఒక సైకిలును గూర్చి చెప్పదలచితిని. వెనుక వరుసలో కొందరు అప్పుడే నవ్వుచున్నారు. నన్ను దానిపై చూచినవారే అయియుందురు.

గత ఆషాఢమున వైద్యుడు నా రక్తములో చక్కెర పెరిగినదని చెప్పి, దినమును నడువుమనెను. మోకాలి నొప్పివలన నడక సాగలేదు. బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్న మా పెద్దవాడు ఈ సంగతి విని, ఒక ఆదివారము కొత్త సైకిలొకటి తెచ్చి వాకిట నిలిపెను. ధర యెంతయని నాలుగుసార్లు అడిగితిని, నేటికిని చెప్పలేదు. మా ఇంటామె దానిని చుట్టి చూచి, "క్యారియరు లేదు, స్టాండు లేదు, మడ్గార్డులైనా లేవు, ఇదేమి సైకిలు?" అనెను. హ్యాండిలు పొట్టేలు కొమ్ములవలె క్రిందికి వంగియున్నది. నాకును అదే ప్రశ్న తోచెను.

దీనిని సైక్లోక్రాస్ సైకిలు అందురు. చలికాలమున రోడ్డు పందెములు లేని నెలలలో పొలములకును బురదకును అడ్డముపడి తొక్కు ఆట ఫ్రాన్సు దేశమున పెరిగినది. 1902లో అచట తొలి జాతీయ పోటీ జరిగెను. ప్రపంచ పోటీ 1950లో పారిస్ నగరమున మొదలయ్యెను. స్త్రీలకు మాత్రము 2000 వరకు వేచియుండవలసి వచ్చెను. పందెపు దారిలో కావలెననియే 40 సెంటీమీటర్లు మించని అడ్డుపలకలు పెట్టుదురు. అచట దిగి, మన రైతు మడకను మోసినట్లు సైకిలును భుజాన వేసికొని పరుగెత్తవలెను. ఆ పోటీలలో టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు మించరాదు.

గాలిని గూర్చి నేర్చుటకు నాకు ఒక వారము పట్టినది. తారు రోడ్డుపై గట్టిగా నింపిన తేలికగా సాగును. మట్టిపై కొంత తీసివేసిన నేలను పట్టుకొనును. నేను అత్యాశకు పోయి మరీ తీసివేసితిని. రాతికిని రిమ్ముకును నడుమ ట్యూబు నలిగి, పాముకాటువలె రెండు రంధ్రములు పడినవి. పంక్చరు కొట్టువాడు సన్నని వాల్వును చూచి, తన పంపు దీనికి పట్టదని చేతులెత్తెను. నాటినుండి చిన్న పంపు నా సంచిలోనే యున్నది.

కాని ఆ ఉదయముల సుఖమును ఏమని చెప్పుదును! చంద్రచూడేశ్వరుని కొండ ఇంకను మంచులో నుండగా బయలుదేరి, కెలవరపల్లి ఆనకట్ట వైపు తారు రోడ్డున పోయి, అచటినుండి మట్టిదారి పట్టుదును. రాగిచేల గట్లు, గులాబీ తోటల ప్లాస్టిక్ పందిళ్లు, నీలగిరి తోపులో ఎండుటాకుల చప్పుడు. కంకర వచ్చినప్పుడు చేతులు దడదడలాడును, చెరువుకట్ట ఎక్కగానే అంతయు మెత్తనగును. ఒక్కొక్కనాడు 1878లో రాజాజీ పుట్టిన తొరపల్లి వరకును పోయివచ్చుచుంటిని. ఏబది దాటిన తరువాత దిగుడులో బ్రేకు వదలి తొక్కితినని మీ పిల్లలకు చెప్పకుడు.

కార్తికమున, రాత్రియంతయు వాన కురిసిన ఒక సోమవారము, మన పిల్లలు ఏడుగురు వచ్చు పల్లె దారిని చూతమని పోయితిని. నాలుగు కిలోమీటర్ల ఎర్రమట్టి. నడిమికి వచ్చునప్పటికి దిగి సైకిలును భుజానికెత్తుకొంటిని. అచట మన ఏడవ తరగతి బాలికయు, ఆమె తమ్ముడును తమ పాత సైకిలును పడవేసి, పుల్లతో మడ్గార్డులోని బురదను గోకుచున్నారు. ఆ బురద గట్టిపడి చక్రము తిరుగుట లేదు. నా సైకిలునకు మడ్గార్డులు ఏల లేవో నాకప్పుడు తెలిసినది. వారి దానిని ఎత్తి చూచితిని. నా దానికి ఇంచుమించు రెండింతల బరువు.

ఆ బాలిక నన్ను చూచి, "సార్, మీరు ముందు పొండి, గేటు మూసేస్తారు" అనెను.

గేటు తొమ్మిదిన్నరకు మూయవలెనన్నది నా ఉత్తరువే. ముగ్గురమును పది గంటలకు చేరితిమి. అటెండరు నాకు తెరచి, పిల్లల వంక చూచి, మరల నా వంక చూచెను. ఆ సాయంకాలము ఆలస్యముల రిజిస్టరు తెప్పించితిని. జూన్ మొదలుకొని ఆ బాలిక పదునొకండు సార్లు బయట నిలిచినది. ఆ పల్లెనుండియే వచ్చుచుండిన బాలుడొకడు నిరుడు చదువు మానెను. వాని పేరునకు ఎదురుగా "శ్రద్ధ లేదు" అని నా చేతి వ్రాతయే యున్నది. ఆ మాటను కొట్టివేసితిని. వాని ఇంటికిని రెండుసార్లు పోయితిని; వర్క్‌షాపులో చేరినాడు, ఇంకను రాలేదు. వాని తండ్రి ఈ సభలో నున్నయెడల, సభ ముగిసిన పిమ్మట నన్ను కలిసికొనవలెనని ప్రార్థించుచున్నాను.

వానదినములలో మట్టిదారిన వచ్చువారికి ఇకమీదట గేటు మూయబడదు. తప్పిన మొదటి పాఠమును మధ్యాహ్న విరామమున నేనే చెప్పెదను. పంపును, పంక్చరు సామానును వరండాలో నుంచితిమి. ఆ దారికి కంకర వేయింపుమని పంచాయతీకి వ్రాసిన అర్జీ కూడ అచటి బల్లపైననే యున్నది. ఇంతవరకు ముప్పదియొక్క సంతకములు వచ్చినవి. తక్కినవారు పోవునప్పుడు చేయుదురుగాక. పెన్నును దారముతో బల్లకు కట్టియుంచితిమి.