ఒక్క రాత్రి పనికి అద్దె యంత్రాలు

నెలాఖరు రాత్రి వేలమంది జీతాల లెక్క తేలాలి. ఆ ఒక్క రాత్రి కోసం ఏడాదంతా కంప్యూటర్లు కొని పెట్టుకోవడం దండగ. వరికోత మిషన్‌ను గంటల లెక్కన మాట్లాడుకున్నట్టే, క్లౌడ్‌లో కంప్యూటర్లనూ అద్దెకు తీసుకోవచ్చు. అమెజాన్ 2016లో ప్రకటించిన ఏడబ్ల్యూఎస్ బ్యాచ్ అనే సేవ చేసేది ఇదే. పనులను వరుసలో పెట్టి, కావలసినన్ని యంత్రాలు తెప్పించి, పని కాగానే వదిలేస్తుంది. హాజరు లెక్క పూర్తయ్యాకే జీతం లెక్క మొదలుపెట్టమనీ ముందే చెప్పి ఉంచవచ్చు.

అమెజాన్ దగ్గర ఖాళీగా ఉన్న మిగులు యంత్రాలు, అంటే స్పాట్ రకం, మామూలు అద్దె కన్నా 90 శాతం దాకా చౌక. కానీ అవసరమైతే రెండు నిమిషాల ముందు చెప్పి వెనక్కి తీసేసుకుంటారు. అందుకే, చిన్న సంస్థలకు నేను గట్టిగా చెప్పేదొకటే: పనిని ముక్కలు చేసి, ఎక్కడిదాకా వచ్చిందో ఎప్పటికప్పుడు భద్రపరచండి. అప్పుడు నాలుగువేలవ ఉద్యోగి దగ్గర యంత్రం పోయినా, మళ్లీ ఒకటో పేరు నుంచి మొదలుపెట్టక్కర్లేదు.