కారు కొనేవారు బిల్లు చదవాలి
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ముప్పై రెండేళ్లు ట్రెజరీలో పనిచేసి, ఇతరుల బిల్లులకు అభ్యంతరాలు రాసినవాణ్ణి. రిటైరయ్యాక గ్రాట్యుటీ డబ్బుతో కారు కొన్నప్పుడు మాత్రం నా బిల్లు నేను చదవలేదు. ఆ పొరపాటు మీరు చేయకూడదనే ఈ నాలుగు మాటలు.

మన తరానికి కారు బేరం అలవాటు లేదు. అంబాసిడర్, ఫియట్ల రోజుల్లో డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడడమే. 1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 రోడ్డెక్కాక కూడా కొంతకాలం అదే వరస. బండి ఇస్తే చాలు, మహాప్రసాదం. ఆ భయభక్తులతోనే నేనూ షోరూంలో అడుగుపెట్టాను. "మీకోసం పదివేలు తగ్గించాను సార్" అన్నాడు అక్కడి కుర్రాడు. సంబరంగా సంతకం పెట్టాను.

ఇంటికి వచ్చాక మా ఆవిడ కాగితం చదివింది. హ్యాండ్లింగ్ చార్జీలని ఆరు వేలు, మేము అడగని మ్యాట్లకూ సీటు కవర్లకూ పద్నాలుగు వేలు. "పది ఇచ్చి ఇరవై పట్టుకున్నాడండీ" అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మన రైతు గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు తెస్తే క్వింటా ధర ఒక్కటే చూడడు. కమీషన్, హమాలీ, తాలు కింద కోత, అన్నీ పోను చేతికి ఎంత వస్తుందో చూస్తాడు. కారుకూ అదే లెక్క. షోరూం ధర కాదు, మన జేబులోంచి మొత్తం ఎంత పోతుందన్నదే బేరం.

మరుసటి ఏడు మా అల్లుడి కారుకు ఆవిడే ముందు నడిచింది. ఒకే మోడలుకు గుంటూరు, ఒంగోలు, విజయవాడల్లో ప్రతి పద్దూ విడివిడిగా కాగితం మీద రాయించుకుంది. అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వలేదు. పద్దుల్ని రెండుగా విడదీసింది. జీఎస్టీ, లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు ప్రభుత్వానివి. వాటిలో బేరం లేదు, రశీదు అడగాలి అంతే. మిగిలినవన్నీ బేరానికి వచ్చేవే. హ్యాండ్లింగ్ చార్జీ ఏ నిబంధన ప్రకారమో చూపించమంది. చూపించలేక కొట్టేశారు. పాత బండి ధర వేరుగా తేల్చాకే కొత్తదాని మాట ఎత్తింది.

మరికొన్ని సంగతులు గుర్తుంచుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. అది ప్రభుత్వం తగ్గించినది, డీలరు ఇచ్చే రాయితీ కాదు. ఇన్సూరెన్సు షోరూంలోనే తీసుకోవాలన్న నియమం లేదు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి. బయట ధర అడిగేటప్పుడు అదీ, బండికి కట్టే విలువా రెండుచోట్లా ఒకటేనా చూడండి. ధర పది లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ వసూలు చేస్తారు. అది ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులో మన ఖాతాకు జమ చేసుకోవచ్చు. పెన్షనర్లు చాలామంది వదిలేస్తున్న డబ్బు ఇది. బండి తయారైన నెలా, సంవత్సరమూ తప్పక చూడండి. జనవరిలో కొన్నా నిరుటి బండి నిరుటిదే, అమ్మేటప్పుడు ధర పడిపోతుంది. దసరాకు గిరాకీ ఎక్కువ. ఆషాఢంలో, నెలాఖరులో బేరానికి వీలెక్కువ.

చివరకు ఆవిడ "ఆలోచించి చెబుతాం బాబూ" అని లేచింది. మెట్లు దిగకముందే మేనేజరు పిలిచాడు. నేను పోగొట్టినదానికంటే ఎక్కువే మిగిలింది.

అమ్మే కుర్రాడూ మన బిడ్డలాంటివాడే, అతనికీ టార్గెట్లుంటాయి. కోపం వద్దు. మర్యాదగా అడుగుదాం, కాగితం మీద అడుగుదాం. షోరూంకు వెళ్లేటప్పుడు ఇంట్లో లెక్క తెలిసినవారిని వెంట తీసుకువెళదాం. నేను మొదటిసారి ఒక్కణ్ణే వెళ్లాను.