సంతానవిషయమున రక్తపరీక్షలు



విద్యానిధినిగూర్చియు, వసతిగృహమునుగూర్చియుఁ బెద్దలు వలసినంత చెప్పియున్నారు. మేము చెప్పఁబూనినది సభలలో సాధారణముగా వినఁబడని విషయము. పెండ్లియై కొన్నియేండ్లు గడచినను సంతు కలుగనిచో నేఁడు దంపతులను, అనఁగాఁ దఱచుగా భార్యను మాత్రమే, రక్తపరీక్షకుఁ బంపుచున్నారు. ఆ కాగితముమీఁది యంకెను జూచి యింటిల్లిపాదియుఁ దీర్పు చెప్పుచున్నారు. ఆ యంకెకు నంత యధికారము కలదా?

సుశ్రుతసంహిత శారీరస్థానములో గర్భోత్పత్తికి ఋతువు, క్షేత్రము, అంబువు, బీజము అను నాలుగును గూడవలెనని యున్నది. మొలకెత్తు విత్తనమే యచ్చటి యుపమానము. నేఁటి పరీక్షలను ఈ నాలుగింటి ప్రక్క నుంచి చూచినచోఁ జక్కఁగా బోధపడును. ఋతుస్రావము మొదలయిన రెండవ మూఁడవ దినములలో ఎఫ్.ఎస్.హెచ్., ఎల్.హెచ్., ఈస్ట్రడయోలు అను హార్మోనులను గొలుతురు. అండము విడుదలయ్యెనా యని తెలిసికొనుటకుఁ బ్రొజెస్టిరోనును రాఁబోవు ఋతువునకు సుమారు 7 దినములు ముందుగాఁ గొలువవలెను. 28 దినముల క్రమము గలవారికి అది 21వ దినము; 35 దినముల క్రమము గలవారికి 28వ దినము. ఈ లెక్క చూడక యందఱకును 21వ దినముననే నెత్తురు తీసి, అండము విడుదల కాలేదనుట తగదు. థైరాయిడు, ప్రొలాక్టిను లోపములు మందుతోఁ జక్కఁబడుట కలదు గనుక ఆ పరీక్షలు మిక్కిలి యుపయోగకరములు.

ఇఁక నెక్కువ భయము పుట్టించుచున్నది ఏ.ఎమ్.హెచ్. అను పరీక్ష. ఇది అండాశయములో మిగిలిన బీజముల సంఖ్యకు అంచనా నిచ్చును; వాని గుణమును జెప్పదు. గర్భనిరోధపు మాత్రలు వాడుచున్నపుడు తగ్గి కనఁబడును. 2017లో వెలువడిన యమెరికా పరిశోధనమొకటి 30 మొదలు 44 ఏండ్ల వయసుగల, సంతానలోపచరిత్ర లేని 750 మంది స్త్రీలను బరిశీలించినది. ఈ యంకె తక్కువగా నున్నవారికి సహజముగా గర్భము ధరించు నవకాశము తక్కువగాఁ గనఁబడలేదు. ఐ.వి.ఎఫ్. చికిత్సలో మందు మోతాదును నిర్ణయించుటకు మాత్రము వైద్యులకు అది పనికివచ్చును.

క్షేత్రము మాట యేమి? గర్భనాళములు మూసికొనియున్నచో ఈ నెత్తుటిపరీక్షలేవియుఁ జెప్పవు. పురుషబీజము మాట యంతకన్న ముఖ్యము. సంతానలోపమునకు దాదాపు సగము సందర్భములందుఁ బురుషుని వైపు కారణము, ఒంటరిగానో భార్యవైపు కారణముతోఁ గలిసియో, యుండును. వీర్యపరీక్ష సులభమైనది. అయినను దానినే కడపటఁ జేయించుచున్నాము! మన భాషలో గొడ్రాలను మాట యెల్లరకును దెలియును. పురుషునికి అట్టి మాట వాడుకలో వినము. షండుఁడనఁగా వేఱు, పుంస్త్వము నిండుగా నున్నవానికిని బీజలోపముండవచ్చును.

మా యెఱుకలోని యొక యింట నిటీవల సంబంధము కుదురుటకు ముందే కన్యను ఏ.ఎమ్.హెచ్. కాగితమడిగిరి. అంకె తక్కువయని వదలుకొనిరి. వరునికి ఏ పరీక్షయు లేదు. ఆ పిల్ల నాఁటినుండి పెండ్లి మాట యెత్తనీయకున్నది.

కాఁబట్టి కార్యవర్గమువారికొక విన్నపము. మన వధూవర పరిచయపత్రములో ఆరోగ్యవివరముల గడిలో ఇట్టి యంకెలు వ్రాయించుట మానవలెను. పెండ్లియైనవారికి ఏడాది ప్రయత్నించినను, భార్యకు 35 ఏండ్లు నిండినచో ఆఱు నెలలకే, గర్భము కలుగనిచో ఇద్దఱును గలిసి వైద్యునొద్దకుఁ బోవలెను. ఖర్చు భరింపలేనివారి కొఱకు మేము రూ. 10,000 సంఘనిధికి సమర్పించుచున్నాము. దాతలు దీనికిఁ జేయూఁతనిత్తురుగాక. మా నిబంధన యొక్కటే: దరఖాస్తులో భార్యాభర్తలిద్దఱి పేరులును, ఇద్దఱి పరీక్షలును ఉండవలెను.