మీటింగు ఎన్ని గంటలకు?

పట్టాలందుకున్న పిల్లలందరికీ అభినందనలు. ఈ ఉక్కలో ఆ గౌన్లు వేసుకుని కూర్చోవడం ఎంత కష్టమో తెలుసు కాబట్టి మర్యాదలు ఇంతటితో చాలిస్తాను.

నేను మున్సిపల్ ఇంజనీరుగా పనిచేసి రిటైరయినవాణ్ని. సికింద్రాబాద్ నాలాల వెంట తిరిగి నేర్చుకున్నదే చెబుతాను. హుస్సేన్‌సాగర్‌లో కలిసే నాలాల్లో పికెట్ నాలా ఒకటి. ఎగువ కాలనీల్లో పారేసిన పాత పరుపు, థర్మకోల్ డబ్బా కొట్టుకొచ్చి దిగువన ఏదో కల్వర్టు కింద ఇరుక్కుంటాయి. పరుపు ఎవరిదో తేలదు. నీళ్లు మాత్రం బస్తీవాళ్ల వంటగదిలోకే వస్తాయి. 2020 అక్టోబరు వరదల్లో ఊరంతా అది చూసింది. ఆ పూడిక తీసే మనుషుల్ని మా రిజిస్టర్లలో ‘లేబర్’ అని రాసేవాళ్లం. కులం కాలమ్ ఉండేది కాదు. అవసరం లేకపోయింది, అందరికీ తెలుసు.

ఇది మన దగ్గరే కాదు. 1982లో అమెరికాలోని నార్త్ కరోలినాలో, నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే వారెన్ కౌంటీలో విషపు మట్టి పూడ్చబోతే జనం లారీలకు అడ్డంగా పడుకున్నారు. వందలమంది అరెస్టయ్యారు. పూడ్చడం ఆగలేదు. అయితే మురికి ఎవరి గుమ్మంలో పోస్తున్నారన్న ప్రశ్న మాత్రం అప్పట్నుంచి ఆ దేశాన్ని వదల్లేదు. మనం ఆ ప్రశ్న ఇంకా గట్టిగా అడగనే లేదు.

మంచి కబురూ ఒకటుంది. సికింద్రాబాద్‌లోనే ఉన్న బన్సీలాల్‌పేట మెట్లబావి 17వ శతాబ్దం నాటిదంటారు. దశాబ్దాల పాటు దాన్ని చెత్తకుండీ చేశాం. 2021లో ఆర్కిటెక్ట్ కల్పనా రమేశ్ నడిపే ‘ది రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్’, ప్రభుత్వ శాఖలు కలిసి వందల లారీల చెత్త తోడించాయి. అడుగున నీళ్లు, చుట్టూ రాతి మెట్లు బయటపడ్డాయి. 2022 డిసెంబరు 5న తెరిచారు. ఫొటోలకు ఊరి నలుమూలల నుంచీ వస్తున్నారు, సంతోషం. రేపు మళ్లీ అందులో చెత్త పడకుండా చూడాల్సింది మాత్రం చుట్టుపక్కల ఇళ్లవాళ్లే. వాళ్లది అనిపించినన్నాళ్లే ఆ బావి బావిగా ఉంటుంది.

ఇక నా బాధ. చాలాకాలంగా చెబుతున్నా, ఎవరూ వినడం లేదు, మీరైనా వినండి. చెరువు కాపాడదామని మీటింగు పెడతారు. ఎప్పుడు? ఆదివారం పొద్దున్నే ఏడింటికి. ఎక్కడ? క్లబ్‌హౌస్‌లో. నాలా ఒడ్డున ఉండే మనిషి సరిగ్గా ఆ వేళకి మీ ఇంట్లో అంట్లు తోముతూ ఉంటుంది! స్లైడ్లన్నీ ఇంగ్లీషులో. చివర్లో సమోసాలు, అవీ ప్లాస్టిక్ ప్లేట్లలో. నవ్వకండి, తిన్నది మీరే.

ఒకచోటికి నేను బదిలీ మీద వెళ్లేసరికి చెరువు చుట్టూ కంచె, వాకింగ్ ట్రాక్ సిద్ధం. వాకర్లు నాకు బొకే ఇచ్చారు. ఆ వెనకే బట్టలుతికేవాళ్లు వచ్చి, “సారూ, మా బండలు ఏడవోయినయ్?” అన్నారు. ఫైలంతా తిరగేశాను. వాళ్ల మాట ఒక్క ముక్క లేదు. పిలిస్తే కదా ఉండడానికి.

ఇంకోచోట రాత్రి ఎనిమిదిన్నరకు, బస్తీలో గుడి అరుగు మీద మీటింగు పెట్టించాను. ఎగువ కాలనీ నుంచి రిటైర్డ్ కర్నల్ ఒకాయన వచ్చారు. ఓ ఆటోడ్రైవరు ఆయన్ని తన ఇంట్లోకి తీసుకెళ్లి గోడ మీద నీటి మరక చూపించాడు, సరిగ్గా ఆయన భుజం ఎత్తు. కర్నల్ గారు ఏమీ ఉపన్యసించలేదు. వారం తిరిగేలోగా తమ కాలనీవాళ్లు నాలాలో చెత్త పోసే సందుకు గేటు పెట్టించి, తాళంచెవి తన దగ్గరే ఉంచుకున్నారు. పర్యావరణం మీద నేను విన్న ఏ సెమినారూ అంత పని చేయలేదు.

కాబట్టి ఇంటికెళ్లగానే మీ అపార్ట్‌మెంట్ సెక్రటరీకి ఫోన్ చేయండి. వచ్చే మీటింగు దిగువ బస్తీలో, రాత్రిపూట, తెలుగులోనూ ఉర్దూలోనూ పెట్టమనండి. సమోసాలు మీరే తీసుకెళ్లండి. ప్లేట్లు మాత్రం స్టీలువి.