ఓటరుకు ఊరేది?

(మస్కట్‌లో తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాసం)



మనం స్మరించుకుంటున్న మాస్టారు శుక్రవారాలు పిల్లలకు తెలుగు చెప్పేవారు, పెద్దలకు దరఖాస్తులు రాసిపెట్టేవారు. జాబితాలో పేరు లేనివాడికి ఏ హక్కూ అందదని ఆయన గట్టి నమ్మకం. అందుకే ఈరోజు ఓటరు జాబితా చరిత్రను ఎంచుకున్నాను. మనిషికి ఓటు ఉందో లేదో కోర్టు చెప్పేలోపే జాబితా రాసే గుమాస్తా తేల్చేస్తాడన్నది నా వాదన.

బ్రిటిష్ కాలంలో 1920, 1937 ఎన్నికల్లో ఆస్తి, పన్ను, చదువు ఉన్నవాళ్లకే ఓటుండేదని మీకు తెలుసు. ఆ కాలం మీద పుస్తకాలు చాలా వచ్చాయి. దాన్ని దాటి నేరుగా 1948కి వస్తాను. నా పరిశోధన కాలంలో ఎక్కువ భాగం గడిచింది అక్కడే.

రాజ్యాంగం ఇంకా చిత్తుప్రతిగా ఉన్న రోజులవి. ఓటు హక్కు ఎవరికన్నది చట్టంగా రాలేదు. అయినా రాజ్యాంగ సభ సచివాలయం రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు మార్గదర్శకత్వంలో వయోజనులందరి జాబితా తయారు చేయమని రాష్ట్రాలకు ఆదేశాలు పంపింది. 1948 మార్చి 31తో ముగిసే ఏడాదిలో కనీసం 180 రోజులు ఆ చోట నివసించి ఉండాలన్నది షరతు. మరి లాహోర్ నుంచో ఢాకా నుంచో కట్టుబట్టలతో వచ్చినవాళ్ల సంగతి? వాళ్లకు ఏ ఊళ్లోనూ 180 రోజులు లేవు. చాలామందికి ఇల్లే లేదు. శరణార్థుల సంఘాలు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాయి. చివరికి సచివాలయం, ఇక్కడే స్థిరపడతానని రాతపూర్వకంగా చెబితే చాలు, పేరు రాసుకోమంది. ఏ కోర్టూ ఆదేశించకుండానే నివాస నియమం సడలింది. పరిశోధకురాలు ఓర్నిట్ శని 2018 నాటి తన పుస్తకంలో ఈ ఘట్టాన్ని వివరంగా చెప్పారు. నేను దాని నుంచి మరో అడుగు ముందుకు వేస్తాను. మన ఓటు హక్కు పునాదిలోనే ఊరు లేని ఓటరు ఉన్నాడు.

అదే జాబితా మరోచోట కఠినంగా మారింది. తమ పేరు చెప్పకుండా ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని నమోదైన దాదాపు 28 లక్షల మంది స్త్రీలను మొదటి ఎన్నికల ముందు ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ తొలగించారు. మొత్తం స్త్రీ ఓటర్లు దాదాపు 8 కోట్లు. సొంత పేరు ఉండాలన్న ఆయన పట్టుదలను నేను గౌరవిస్తాను. కానీ ఆ 28 లక్షల మందికి ఆ ఎన్నికల్లో ఓటు పోయింది. దాన్ని చిన్న విషయంగా రాసే చరిత్రకారులతో నాకు పేచీ ఉంది.

అంతకన్నా పెద్ద పేచీ మరొకటి, న్యాయ పండితులతో. మద్రాసు రాష్ట్రం సేలం జిల్లా నామక్కల్‌లో ఎన్.పి. పొన్నుస్వామి నామినేషన్‌ను 1951 నవంబరులో తిరస్కరించారు. ఆయన హైకోర్టుకు వెళ్లారు, అక్కడ ఓడి సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఎన్నిక నడుస్తుండగా కోర్టులు అడ్డురాకూడదని, ఫలితం వచ్చాక ఎన్నికల పిటిషన్ వేసుకోవచ్చని 1952 జనవరి 21న తీర్పు వచ్చింది. ఓటు, పోటీ చట్టం ఇచ్చిన హక్కులేనని కూడా ఆ తీర్పు అంది. ముప్పై ఏళ్లకు జ్యోతిబసు కేసులో మన గుత్తివాడైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ఆ మాటను మరింత సూటిగా రాశారు. ప్రజాస్వామ్యానికి ఎంత మూలమైనా, ఎన్నుకునే హక్కు ప్రాథమిక హక్కు కాదు, కేవలం చట్టబద్ధ హక్కు అన్నారు.

మన న్యాయ పండితులు నలభై ఏళ్లుగా ఈ ఒక్క మాట పట్టుకుని, ఓటు అడిగే ప్రవాసుల నోరు మూయిస్తున్నారు. చట్టం ఇస్తే ఉంది, ఇవ్వకపోతే లేదు, అడగడానికి మీరెవరని. వాళ్లందరికీ నా విన్నపం, ఆ కేసులో తేలిందేమిటో చదవండి. బారక్‌పూర్ లోక్‌సభ ఎన్నిక మీద వేసిన పిటిషన్‌లో అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసును ప్రతివాదిగా చేర్చవచ్చా అన్నదే అక్కడి ప్రశ్న. చట్టం చెప్పినవాళ్లను తప్ప ఇంకెవరినీ చేర్చకూడదని తేలింది. ఎవరి ఓటూ పోలేదు, ఎవరూ ఓటు అడగలేదు. చిన్నపరెడ్డి గారి మీద నాకు అపార గౌరవం. పేదవాడి పక్షాన ఆయన రాసిన తీర్పులు ఎన్నో. ప్రతివాదుల పట్టిక గురించి రాసిన వాక్యాన్ని లక్షలమంది ప్రవాసులకు తలుపు గడియగా వాడటం ఆయనకే అన్యాయం.

2003 మార్చిలో మరో తెలుగు న్యాయమూర్తి, జస్టిస్ పి. వెంకటరామరెడ్డి, పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో ఈ ముడి విప్పారు. ఓటు హక్కు ప్రాథమిక హక్కు కాకపోయినా రాజ్యాంగ హక్కే, ఎందుకంటే అది 326వ అధికరణంలోంచి వచ్చింది అన్నారు. చట్టం దానికి రూపం ఇస్తుందే తప్ప పుట్టించదు. నేను ఆయన పక్షం.

2006లో కులదీప్ నయ్యర్ కేసులో సుప్రీంకోర్టు ధర్మాసనం మళ్లీ చట్టబద్ధ హక్కు అనే అంది. నా ప్రత్యర్థులు దీన్ని విజయంగా చూపిస్తారు. కానీ అదే తీర్పు ఇంకో మాట చెప్పింది. రాజ్యసభ సభ్యుడు తాను ప్రాతినిధ్యం వహించే రాష్ట్రంలో నివసించనక్కర్లేదని! సభ్యుడికి అక్కర్లేని నివాసం, మస్కట్‌లోని ఘాలాలో పనిచేసే కడప మేస్త్రీ ఊరి ఓటుకు ఎందుకు అంత పవిత్రం? 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం మొదటినుంచీ విదేశాల్లో ఉన్నవాళ్ల మధ్యే తేడా పెట్టింది. ఇక్కడి మన రాయబార కార్యాలయంలో పనిచేసే భారత ప్రభుత్వ ఉద్యోగిని సొంత ఊళ్లో ఉన్నట్టే లెక్కిస్తుంది, ఆ లెక్కతో అతనికి పోస్టల్ బ్యాలెట్ అందుతుంది. అదే మస్కట్‌లో ఉండే కూలీకి ఆ లెక్క లేదు.

ఒమన్ గురించి రెండు మాటలు. మనం ఇక్కడ అతిథులం, ఇక్కడి ఎన్నికల్లో మనకు పాత్ర లేదు. ఇక్కడి సలహా సభ మజ్లిస్ అల్ షూరా 1991లో ఏర్పడింది. 1994లో మస్కట్ ప్రాంత మహిళలకు ఓటేసే, పోటీ చేసే అవకాశం వచ్చింది. 2003 నాటికి ఓటు 21 ఏళ్లు నిండిన పౌరులకు విస్తరించింది. ఇదంతా సుల్తాన్ నిర్ణయాలతో జరిగింది, కోర్టు తీర్పులతో కాదు. 2023 అక్టోబరులో ఒమన్ పౌరులు ఫోన్‌లోని యాప్ ద్వారా ఓటేశారు. దూరం సాంకేతికంగా అడ్డంకి కాదని మన కళ్లముందే రుజువైంది.

అధ్యక్షులు గడియారం చూపిస్తున్నారు, మిగిలింది త్వరగా చెబుతాను. 2010 సవరణతో 1950 చట్టంలో ప్రవాసుల కోసం 20ఏ సెక్షన్ వచ్చింది. 2011 నుంచి ఫారం 6ఏ నింపితే పాస్‌పోర్టులోని ఊళ్లో పేరు ఎక్కుతోంది. కానీ ఓటు వేయాలంటే అసలు పాస్‌పోర్టుతో ఆ ఊరి బూత్‌కే వెళ్లాలి. లండన్‌లోని మన నాగేందర్ చిందం 2013లో, అబుధాబి నుంచి షంషీర్ వయలిల్ 2014లో, విదేశం నుంచే ఓటు కావాలని సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ ఒత్తిడితోనే ఎన్నికల సంఘం కమిటీ వేసింది. మన బదులు ఇంకొకరు ఓటేసే ప్రాక్సీ ఓటు బిల్లును 2018 ఆగస్టు 9న లోక్‌సభ ఆమోదించింది, మరుసటి ఏడాది సభ రద్దుతో అది మురిగిపోయింది. నాకు ప్రాక్సీ నచ్చదు. మన ఓటు ఊళ్లోని పెద్దమనిషి చేతికి పోతుంది. 2020 నవంబరులో ఈ-పోస్టల్ బ్యాలెట్‌కు సిద్ధమని ఎన్నికల సంఘం కేంద్రానికి రాసింది. ప్రభుత్వం పరిశీలిస్తుందని అటార్నీ జనరల్ హామీ ఇవ్వడంతో 2022 నవంబరు 1న కోర్టు ఆ కేసులు మూసేసింది.

2024లో విదేశీ ఓటర్లుగా నమోదైనవారు 1,19,374. లోక్‌సభ ఎన్నికల్లో వచ్చి ఓటేసినవారు 2,958. అందులో 2,670 మంది కేరళవాళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో నమోదైన 7,927 మందిలో ఓటేసింది 195 మంది. మన పోలింగ్ మే 13, సోమవారం. ఇక్కడ పనిరోజు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉన్నవాడు, టికెట్‌కు నెల జీతం పోయేవాడు ఎలా వెళ్తాడు?

అల్ ఖువైర్‌లోని మన రాయబార కార్యాలయంలో బూత్ పెట్టమని కొందరు అడుగుతున్నారు. నేనూ అడుగుతున్నాను. అయితే సలాలా నుంచి మస్కట్‌కు సుమారు వెయ్యి కిలోమీటర్లు. అందుకే మనం పంపే వినతిపత్రంలో బూత్‌తో పాటు ఈ-పోస్టల్ బ్యాలెట్‌నూ పెట్టండి. 1948లో శరణార్థికి ఇచ్చిన సడలింపును అందులో ఆధారంగా రాయండి.