ఉద్యోగం చూపించినవారి ఋణం ఎన్నాళ్ళు?



పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి వెళ్ళే పెద్దరోడ్డు మీద, ఇస్నాపూర్‌ పక్కనే ఉంటుంది మా చిట్కుల్. ఒక పక్క పటాన్‌చెరు ఫ్యాక్టరీలు, మరొక పక్క పాశమైలారం ఫ్యాక్టరీలు. తెల్లవారితే చాలు, కంపెనీ బస్సుల కోసం జనం రోడ్డెక్కుతారు. టిఫిన్ డబ్బాలు పట్టుకున్న మగవాళ్ళ పక్కన, చేతిసంచిలో తెల్లకోటు మడిచి పెట్టుకున్న ఆడపిల్లలు కూడా కనిపిస్తారు. వాళ్ళు నర్సులు. కొందరు పటాన్‌చెరు, రామచంద్రాపురం, మియాపూర్ ఆసుపత్రులకు వెళతారు. కొందరు పట్నంలో మంచం పట్టిన పెద్దవాళ్ళను చూసుకునే హోమ్ నర్సులు. కొందరు సౌదీ, కువైట్ వెళ్ళి రెండేళ్ళు చేసి వచ్చి, మళ్ళీ ఎక్కడికి పోదామా అని చూస్తున్నవాళ్ళు.

ఈ పిల్లల్లో చాలామందికి మొదటి ఉద్యోగం ఒక మధ్యవర్తి ద్వారానే దొరుకుతుంది. ఏజెంటు అనండి, కన్సల్టెన్సీ అనండి, బ్యూరో అనండి, పని ఒకటే. మరి రెండో ఉద్యోగానికి కూడా అతని గుమ్మమే తొక్కాలా? నేరుగా మనమే వెతుక్కుంటే అది విశ్వాసఘాతకమా? ఈ విషయం గురించే ఈ పూట నాలుగు మాటలు మనవి చేస్తాను.

మా వీధిలో ఒక అమ్మాయి ఉంది. నర్సింగు చదివి, సౌదీలో రెండేళ్ళు చేసి వచ్చింది. పంపించిన ఏజెంటు మళ్ళీ ఇంటికి వచ్చి, "ఇంకో ఆసుపత్రి చూశాను, రెండు లక్షలు సిద్ధం చేసుకోండి" అన్నాడు. ఆ పిల్లకేమో జర్మనీ వెళ్ళాలని ఉంది. ఆ దారి తనే తెలుసుకుంది. అయినా మనసు ఒప్పుకోలేదు. "ఆయన లేకుంటే నాకు ఆ నౌకరీ యాడిది అత్తమ్మా? ఏరు దాటి తెప్ప తగలబెట్టినట్టు కాదా?" అని నన్ను అడిగింది. వాళ్ళమ్మ పక్కనే కూచుని, "మాట పోతదేమో వదినా" అంది.

ఆ పిల్ల మంచితనం చూసి ముచ్చటేసింది. కానీ చూడండి, తెప్పను తగలబెట్టడం తప్పే. ఏరు దాటిన తరువాత కూడా దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరగాలని ఏ పెద్దలూ చెప్పలేదు గదా!

మన పెళ్ళిళ్ళ పేరయ్యను తలచుకోండి. సంబంధం తెస్తాడు, అటూ ఇటూ తిరిగి మాటలు కలుపుతాడు. పెళ్ళయ్యాక బట్టలు పెడతాం, ఇస్తామన్నది ఇచ్చి గౌరవంగా పంపిస్తాం. ఆయన చూపించిన సంబంధాన్నే ఆయనకు తెలియకుండా లోలోపల ఖాయం చేసుకుని, ఇవ్వవలసింది ఎగ్గొడితే అది మోసం. అంతేగాని, పెద్దపిల్ల సంబంధం తెచ్చాడు కనుక చిన్నపిల్లకు మనంతట మనం సంబంధం చూడకూడదని ఎవరూ అనరు. ఉద్యోగం చూపించినవాడి విషయమూ ఇంతే. ఆయన చూపించిన ఆసుపత్రిలో, ఆయన మాట్లాడిన ఉద్యోగంలో చేరితే ఆయనకు రావలసింది ఇవ్వాలి. ఆయనకు సంబంధం లేని చోట మన కష్టంతో మనం దొరికించుకుంటే అందులో ఆయన వాటా లేదు.

ఇక ఆ "రావలసింది" ఎంత? ఇక్కడే మన ఆడవాళ్ళం మోసపోతున్నాం. విదేశాలకు మనుషులను పంపడానికి 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా సర్వీసు ఛార్జీ కింద 30,000 రూపాయలకు మించి తీసుకోకూడదు. దానిమీద జి.ఎస్.టి. పద్దెనిమిది శాతం వేసుకున్నా మొత్తం 35,400. దానికి రసీదు ఇవ్వాలి. రెండు లక్షలు, మూడు లక్షలు అని అడిగేవాడు మనకు ఉపకారం చేయడం లేదు, చట్టానికి అపకారం చేస్తున్నాడు. అటువంటివాడికి కృతజ్ఞత పేరుతో మెడ వంచడం దేనికి?

2015లో కేరళలోని కొచ్చిలో ఏం జరిగిందో పత్రికల్లో చదివే ఉంటారు. కువైట్ వెళ్ళే నర్సుల దగ్గర 19,500 రూపాయలు తీసుకోవలసిన ఒక ఏజెన్సీ, మనిషికి పంతొమ్మిదిన్నర లక్షలు వసూలు చేసిందని సి.బి.ఐ. కేసు పెట్టింది. పంతొమ్మిది వేలు ఎక్కడ, పంతొమ్మిది లక్షలు ఎక్కడ! ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? తల్లి మెడలో పుస్తెలతాడు నుంచి, తండ్రి ఎకరం పొలం నుంచి.

అప్పు చేసి వెళ్ళిన పిల్ల అక్కడ ఎంత కష్టమొచ్చినా తిరిగి రాలేదు. 2014లో ఇరాక్‌లోని తిక్రిత్ పట్టణంలో యుద్ధం మధ్య చిక్కుకుపోయిన 46 మంది నర్సులు జూలై 5న విమానంలో కొచ్చి చేరారు. ప్రాణాలు దక్కాయని దేశమంతా సంతోషించింది. కానీ వాళ్ళలో చాలామందికి ఏజెంట్లకు కట్టడానికి చేసిన అప్పు అలాగే ఉంది, జీతం బాకీ రాలేదు. బాంబులు పడుతున్నా వెనక్కి రావడానికి కొందరు తటపటాయించారంటే కారణం ఆ అప్పే. ఇంటికి రావడానికి పిల్ల భయపడేంత అప్పు చేయించినవాడిని ఉపకారి అనగలమా?

ఇటువంటివి చూసిన తరువాతే కేంద్ర ప్రభుత్వం 2015లో ఒక ఆదేశం ఇచ్చింది. గల్ఫ్ దేశాలతో సహా పద్దెనిమిది దేశాలకు నర్సుల నియామకం ప్రభుత్వ సంస్థల ద్వారా జరగాలని దాని సారాంశం. మామూలుగా పదో తరగతి పాసైనవారి పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్సు అక్కరలేదు. నర్సులకు మాత్రం ఆ దేశాలకు వెళ్ళేటప్పుడు అది తప్పనిసరి చేశారు. మొదట కేరళ సంస్థలకు అవకాశమిచ్చారు, తరువాత మన తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంకాప్ కూడా ఆ వరుసలో చేరాయి. టామ్‌కామ్ ఆఫీసు హైదరాబాదులో మల్లేపల్లి ఐ.టి.ఐ. ఆవరణలో ఉంది. పటాన్‌చెరులో బస్సెక్కితే చేరగలిగిన చోటు. మనవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

దేశాన్నిబట్టి పద్ధతి మారుతుంది. ఇంగ్లండులో ఉద్యోగం చూపించినందుకు ఉద్యోగార్థి దగ్గర రుసుము తీసుకోవడం 1973 నాటి వాళ్ళ చట్టం ప్రకారమే తప్పు. ఏజెన్సీకి డబ్బు ఆసుపత్రివాళ్ళు ఇస్తారు. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల ప్రకటనలు చూసి నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు కూడా. కాకపోతే ఇంగ్లీషు పరీక్ష, అక్కడి నర్సింగు కౌన్సిల్ పరీక్షలు గట్టెక్కాలి. పైగా నాలుగైదేళ్ళ క్రితం తీసుకున్నంత మందిని ఇప్పుడు తీసుకోవడం లేదు. జర్మనీకయితే వాళ్ళ భాష రావాలి. బి1, బి2 అని మెట్లున్నాయి, నెలల తరబడి కూచుని చదవాలి. టామ్‌కామ్ వాళ్ళు జర్మన్ నేర్పించి నర్సులను పంపుతున్నారు. గల్ఫ్ దేశాలకు డేటాఫ్లో అని సర్టిఫికెట్ల తనిఖీ, ప్రొమెట్రిక్ పరీక్ష ఉంటాయి. ఈ ఫారాలన్నీ ఏజెంటే నింపాలన్న నియమం లేదు. ఇంగ్లీషు చదవగలిగిన నర్సు తన ఫారం తనే నింపుకోవచ్చు. చెయ్యలేమనే భయమే మధ్యవర్తికి పెట్టుబడి.

అయితే అక్కయ్యలారా, నేరుగా వెళ్ళడమంటే కళ్ళు మూసుకుని వెళ్ళడం కాదు. ఏజెంటుకు భయపడి, సెల్‌ఫోన్‌లో వచ్చిన దొంగ ఉత్తరాన్ని నమ్మితే పెనం మీదనుంచి పొయ్యిలో పడ్డట్టే. ఆసుపత్రి పేరుతో ఉత్తరం వస్తుంది, అందమైన ముద్ర ఉంటుంది, చివరకు "వీసా ఖర్చు ఈ ఖాతాకు పంపండి" అని ఉంటుంది. విజిట్ వీసా మీద రమ్మని, అక్కడికి వచ్చాక మారుస్తామనేవాళ్ళను అసలు నమ్మవద్దు. పద్దెనిమిది దేశాలకయితే యజమాని పేరు ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వ్యవస్థలో నమోదై ఉండాలి. ఏజెంటు లైసెన్సు కూడా అక్కడే సరిచూసుకోవచ్చు. అనుమానం ఉంటే హైదరాబాదులోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయంలో అడగవచ్చు.

మంచి ఏజెంటు అసలు లేడని నేను అనడం లేదు. లైసెన్సు ఉన్నవాడికి బాధ్యత కూడా ఉంటుంది. ఒప్పుకున్న జీతం ఇవ్వకపోతే, చెప్పిన పని కాక వేరే పని చేయిస్తే, అతన్ని నిలదీయడానికి ఒక చిరునామా ఉంటుంది. మొదటిసారి దేశం దాటే పిల్లకు, భాష రాని చోట ఆ అండ చిన్నదేమీ కాదు. అందుకు న్యాయమైన రుసుము ఇవ్వడంలో తప్పు లేదు. రెండోసారికి ఆ పిల్లకు లోకం తెలిసింది, అనుభవం వచ్చింది. ఆ అనుభవం ఆమెది. దాన్ని ఎవరికీ తాకట్టు పెట్టనక్కరలేదు.

మా వీధి అమ్మాయి ఏం చేసిందో చెబుతాను. ఏజెంటుకు మొదటిసారి ఒప్పుకున్న దాంట్లో కొంత బాకీ ఉంటే అది కట్టి రసీదు తీసుకుంది. "అన్నా, మీరు చేసిన మేలు మరిచిపోను. ఈసారి నేను సర్కారు ద్వారా పోతున్నా" అని ముఖం మీదే మర్యాదగా చెప్పింది. ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నాడు, అంతే. ఆకాశం విరిగి పడలేదు. ఇప్పుడు పొద్దున లేచి జర్మన్ పాఠాలు వల్లెవేస్తోంది. మాకు అర్థం కాదు గానీ, వినడానికి బాగుంటుంది.

ఇంతవరకు పిల్లల సంగతి చెప్పాను. ఇప్పుడు మన సంగతి. పట్నంలో మన ఇళ్ళల్లో అత్తగారికి పక్షవాతం వస్తే, మామగారు తుంటి ఎముక విరిగి పడుకుంటే, బ్యూరోకు ఫోను చేసి హోమ్ నర్సును పిలిపించుకుంటాం. నెలకు మనం ఇరవైనాలుగు వేలు ఇస్తే ఆ పిల్ల చేతికి పదహారు వేలు వస్తాయనుకోండి. ఆ లెక్క తెలిసిన రోజున మనకు ఒక ఆలోచన వస్తుంది. "బ్యూరో మానెయ్యమ్మా, నేరుగా నీకే ఇరవై ఇస్తాను. నీకూ లాభం, నాకూ లాభం" అంటాం. వినడానికి ధర్మంగానే ఉంది. కానీ ఆ పిల్ల బ్యూరోకు సంతకం చేసి ఇచ్చిన కాగితం ఏమిటో చూశామా? మనం సంతకం పెట్టినదాంట్లో ఏముందో చదివామా? గడువు లోపల నేరుగా పెట్టుకోకూడదని ఉంటే, మనం మిగుల్చుకున్న నాలుగు వేల కోసం ఆ పిల్ల సర్టిఫికెట్లు అక్కడ చిక్కుకుంటాయి. చిక్కు ఆమెకు, లాభం మనకు!

గడువు అయిపోయాక, లేదా బ్యూరోతో మాట్లాడి తేల్చుకున్నాక నేరుగా పెట్టుకుంటే తప్పు లేదు. అప్పుడు బ్యూరో చేసే పనులు మన నెత్తిన పడతాయని మరచిపోకూడదు. వారానికి ఒక సెలవు, రాత్రి నిద్రకు వ్యవధి, వేళకు భోజనం, జ్వరమొస్తే మందు, ఆమె ఊరెళితే బదులు మనిషిని చూసుకోవడం – ఇవన్నీ మనవే. నర్సుగా వచ్చిన పిల్లచేత అంట్లు తోమించడం, బట్టలు ఉతికించడం అసలు పనికిరాదు. బ్యూరో ఎనిమిది వేలు మింగుతున్నదని కోప్పడే మనం, నేరుగా పెట్టుకుని ఆమె నిద్ర మింగితే ఏం తేడా?

ఇక తల్లులకు కొన్ని జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను.

పాస్‌పోర్టు భారత ప్రభుత్వపు సొత్తు. దాన్ని ఏ ఏజెంటూ, ఏ బ్యూరో తన బీరువాలో పెట్టుకునే హక్కు లేదు. చూపించండి, జిరాక్సు ఇవ్వండి, అసలుది ఇంటికి తెచ్చుకోండి. నర్సింగు సర్టిఫికెట్ల విషయంలోనూ అంతే.

సంతకం పెట్టే ముందు కాగితాన్ని ఇంటికి తెచ్చుకుని, చదువుకున్నవారిచేత చదివించుకోండి. ఎంతకాలం పని, మధ్యలో మానితే ఎంత కట్టాలి, అదే ఆసుపత్రిలో నేరుగా చేరడానికి ఎన్నాళ్ళు ఆగాలి అన్న మూడు ప్రశ్నలకు అందులో జవాబు వెతకండి. జవాబు లేకపోతే రాయించుకోండి.

పాలవాడి లెక్కకు మనకు పుస్తకం ఉంటుంది, చీటీల లెక్కకు పుస్తకం ఉంటుంది. అలాగే పిల్ల ఉద్యోగానికీ ఒక పుస్తకం పెట్టండి. ఎవరికి ఏ తేదీన ఎంత ఇచ్చారో రాయండి, రసీదు అందులో అంటించండి. రసీదు ఇవ్వనివాడికి డబ్బు ఇవ్వవద్దు.

ఉపకారం చేసినవారిని తలచుకోవడం మన సంస్కారం. పండక్కి వస్తే కాఫీ ఇవ్వండి, ఇంకెవరైనా పిల్ల ఉద్యోగం కోసం చూస్తుంటే ఆయన మంచివాడయితే ఆయన పేరు చెప్పండి. ఒక మంచి మాట, ఒక మంచి సిఫారసు – ఋణం తీర్చుకోవడానికి ఇవి చాలు. కన్నబిడ్డ జీతంలో ఏడాదికేడాది వాటా తీసి ఇవ్వడం కృతజ్ఞత కాదు, కప్పం. పదిమంది రోగులను తన చేతులతో లేపి కూచోబెట్టే పిల్ల, తన బ్రతుకు గురించి తను నిలబడి మాట్లాడగలగాలి. ఆ ధైర్యం ఆమెకు మనమే ఇవ్వాలి.